ఎనిమిది తూటాల మనిషి

ఇసుక గుంత దగ్గర ఆదివారం పోటీకి వచ్చినవాళ్ళు డెల్మర్ కొవారిక్ కాల్చడం కోసం కాదు, పిస్తోలులో తూటాల మ్యాగజీన్ మార్చడం కోసం ఆగి చూసేవారు. గురిలో అతన్ని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. కానీ పిస్తోలు పిడిలోంచి ఖాళీ మ్యాగజీన్ జారి కంకరలో పడేలోగా, నడుము బెల్టు మీంచి లేచిన ఎడమచెయ్యి నిండు మ్యాగజీన్‌ని ఆ పిడిలోకి దూర్చేసేది. పాతది నేలను తాకిన చప్పుడూ, కొత్తది గొళ్ళెం పడిన చప్పుడూ ఒక్కటిగా వినబడేవి. ఆ వేగం ఊరికే రాలేదు. నెబ్రాస్కాలో మంచు పడ్డాక బయట చేయడానికేమీ ఉండదు. డెల్మర్ బడి బస్సులు బాగుచేసి ఇంటికొచ్చి, గ్యారేజీలో నేలమీద పాత దుప్పటి పరిచి, తూటా లేని పిస్తోలు పట్టుకుని అదే పని చేసేవాడు. అలా ముప్పై చలికాలాలు గడిచాయి.

అతనిది పాతకాలపు ఫార్టీఫైవ్ పిస్తోలు. దాని మ్యాగజీన్‌లో పట్టేవి ఎనిమిది తూటాలు. ఈ పోటీలో ఎవరికి నచ్చిన కొలత మ్యాగజీన్ వాళ్ళు తెచ్చుకోవచ్చు, కాకపోతే దాన్ని బట్టి తరగతి మారుతుంది. ఎనిమిదివాళ్ళ తరగతి ఒకటి. మ్యాగజీన్ పొడుగు నూట నలభై మిల్లీమీటర్లు దాటనివాళ్ళది ఒకటి, అందులో ఇరవై దాకా పడతాయి. నూట డెబ్బైవాళ్ళది మరొకటి, అందులో ఇరవై ఎనిమిది. పోటీలో ఒక్కో విడతని స్టేజీ అంటారు, ఎంత పెద్దదైనా అందులో ముప్పై రెండు దెబ్బలకు మించి పెట్టరు. పొడుగు మ్యాగజీన్ ఉన్నవాడు ఒక్కసారి మారిస్తే స్టేజీ అయిపోతుంది. డెల్మర్ మాత్రం పీపా వెనక వంగుతూ, తలుపు తోస్తూ, పరుగెత్తుతూ మూడుసార్లో నాలుగుసార్లో మార్చాలి. ఎక్కడ మార్చాలి, గురికి పెట్టిన ఏ రెండు అట్ట బొమ్మల మధ్య, ఏ అడుగు మీద అని ముందే లెక్క చూసుకోవాలి. అసలు ఆటంతా అందులోనే ఉందని అతని నమ్మకం.

పొడుగు మ్యాగజీన్లవాళ్ళంటే అతనికి వెటకారం. వెల్డింగ్ దుకాణం కర్ట్ జెలినెక్ మొదటిసారి నూట డెబ్బైది పట్టుకొచ్చినప్పుడు అందరి ముందూ అడిగాడు.

“అదేంటి కర్ట్, బకెట్టు తెచ్చుకున్నావ్? అందులో తూటాలేనా, మధ్యాహ్నం తిండి కూడా సర్దిందా మీ ఆవిడ?”

“కుళ్ళుకో ముసలోడా, కుళ్ళుకో,” అన్నాడు కర్ట్. “నువ్వు మార్చుకునేలోపు నేను కాల్చేసి కాఫీ తాగుతుంటా.”

“తాగు. బకెట్టు నిండా తాగు.”

ఆ బకెట్టు మాట ఊళ్ళో స్థిరపడిపోయింది. ఎవరు పొడుగు మ్యాగజీన్ తీసినా బకెట్టు అనేవారు.

మే నెల పోటీలో మొదటిసారి జారింది. బెల్టు మీంచి తీసిన నిండు మ్యాగజీన్ వేళ్ళ మధ్య నిలవకుండా కంకరలో పడింది. డెల్మర్ ఒక్క క్షణం తన చేతిని చూసుకుని, ఇంకోటి తీసి పూర్తి చేశాడు. టైమరు పట్టుకుని వెనకే నడుస్తున్న రోలీ బెనెష్ నవ్వాడు. రోలీ, డెల్మర్ ఒకే బళ్ళో, ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. ధాన్యం గిడ్డంగిలో పనిచేసి మానేశాక రోలీకి ఈ క్లబ్బే లోకమైంది. స్టేజీలు గీసేదీ, అట్టలు కోసేదీ, టైమరు పట్టేదీ అతనే.

“ఏరా, చేతులకి గ్రీజు తుడుచుకోకుండా వచ్చావా?”

“ఆరో నంబరు బస్సుది. ఎంత కడిగినా పోదు.”

జూన్‌లో రెండుసార్లు జారింది. జులైలో మార్చడం మానేసి అట్ట బొమ్మలు కాల్చకుండా వదిలేశాడు. వేసవికని బస్సుల షెడ్డు ఖాళీగా ఉంటే, చేతిలోంచి పానాలు వాటంతట అవే జారి కింద పడుతున్నాయని ఎవరూ చూడలేదు. ఇంట్లో మాత్రం భార్య జెనీన్ చూసింది. దోసకాయ ఊరగాయ సీసా మూత తియ్యమని ఇస్తే, దాన్ని పట్టుకుని వెనక గుమ్మం వైపు నడిచాడు. వెళ్ళి చూస్తే సీసాని చంకలో ఇరికించుకుని, పళ్ళు బిగించి తిప్పుతున్నాడు. ఏమీ అనకుండా లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత చర్చికి బయల్దేరుతూ, అద్దం ముందు చాలాసేపు నుంచుని ఉన్న భర్త దగ్గరికి వెళ్ళి చొక్కా చేతిగుండీ పెట్టింది.

“ఎప్పట్నించి?”

“ఏది?”

“డెల్, నన్ను చూడు. ఎప్పట్నించి?”

అతను అద్దంలోకే చూస్తూ, “వసంతం ముందు నుంచి,” అన్నాడు.

జెనీన్ అతన్ని ఒమాహా నగరంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరు వాళ్ళకి కూతురయ్యే వయసు మనిషి. అతని చేతివేళ్ళు మడిచి పట్టుకోమంది. “నేను లాగుతాను, విప్పనివ్వకండి,” అని ఒక్క వేలితో లాగింది. ఆమె లాగిన లాగుడుకి పసిపిల్లాడి పిడికిలి కూడా విడదు. డెల్మర్‌ది విడిపోయింది. తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంది. మూడోసారికి లేచాడు. రక్తం తీశారు, తొడలోంచి చిన్న ముక్క తీశారు. మళ్ళీ పిలిచినప్పుడు ఆమె కంప్యూటరు పక్కకు తిప్పేసి ఎదురుగా కూర్చుంది.

“కండరాలకు వచ్చే జబ్బు మిస్టర్ కొవారిక్. ముందు వేళ్ళు పట్టు తప్పుతాయి, తర్వాత తొడలు. మెల్లగా వస్తుంది. దీంతో ప్రాణం పోతుందని భయపడక్కర్లేదు.”

“మందు?”

“దీనికి లేదండీ.”

“ఆపరేషన్?”

“లేదు.”

“గ్యారేజీలో స్ప్రింగు పిడి ఉంది. రోజూ పిసికితే?”

“కాళ్ళూ చేతులూ ఆడిస్తూ ఉండటం మంచిదే. కానీ దీన్ని ఆపదు. ఎంత కష్టపడితే అంత బాగవుతుందని మాత్రం అనుకోకండి, తర్వాత మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.”

డెల్మర్‌కి ఆ మాట అర్థం కాలేదు. ఏదైనా పనిచెయ్యకపోతే ఇంకా గట్టిగా చెయ్యాలి, అంతవరకే అతనికి తెలుసు. తిరుగు ప్రయాణంలో జెనీన్ కారు నడిపింది. దారి పొడుగునా మొక్కజొన్న చేలు. యార్క్ ఊరు దాటాక డెల్మర్ అన్నాడు.

“నూట నలభైకి మారతాను.”

“ఏంటి?”

“మ్యాగజీన్. నూట నలభై అయితే ఒక్కసారే మార్చాలి.”

జెనీన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “మారు,” అంది. ఆ నూట నలభై ఏమిటో ఆమెకి తెలియదు. దాని చప్పుడు తప్ప ఆ ఆట గురించి ఆమెకి ఏదీ తెలియదు.

రోలీ తన దగ్గరున్న రెండో పిస్తోలు ఇచ్చాడు. వంటింటి బల్ల మీద ఇద్దరూ మ్యాగజీన్లు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. ఎనిమిదిది సన్నగా, పలచగా ఉంది. నూట నలభైది వెడల్పుగా, లోపల తూటాలు ఎడమా కుడీ జంటగా పేర్చుకునేలా ఉంది. నూట డెబ్బైది పిడి కింద వేలాడుతూ వికారంగా కనబడింది. డెల్మర్ ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

“పెద్దదే మంచిదనుకుంటారుగానీ, నిండా ఉంటే ముందు సగం స్టేజీ దీని బరువుకే చెయ్యి కిందికి లాగేస్తుంది,” అన్నాడు రోలీ. “దానికితోడు అడుగు అంచు బల్లకో పీపాకో కొట్టుకుంటుంది. నీకు నూట నలభై చాలు.”

“ప్రస్తుతానికి,” అన్నాడు డెల్మర్.

రోలీ బల్ల మీదున్న కొలాచి తీపి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, నమలడం మర్చిపోయినట్టు కూర్చున్నాడు.

సెప్టెంబరు పోటీలో డెల్మర్ బెల్టు మీద లావుపాటి మ్యాగజీన్లు చూసి కర్ట్ ఈలవేశాడు. “ఒరేయ్, ఎవడో కొత్తాయన బకెట్టు పట్టుకొచ్చాడ్రోయ్. పేరు రాయించావా అయ్యా?” అందరూ నవ్వారు. డెల్మర్ కూడా నవ్వి, “మీ ఆవిడ దగ్గర అరువు తెచ్చా,” అన్నాడు. ఆ రోజు అతనికి హాయిగా ఉంది. ఇరవై తూటాలు, ఒకే ఒక్క మార్పు. ఆ ఒక్కటీ నిలకడగా నుంచుని, బెల్టుకి చెయ్యి ఆనించి తీస్తే కుదిరింది. పట్టికలో మధ్యలో ఎక్కడో నిలిచాడు. ఇలాగైతే ఇంకా చాలా ఏళ్ళు నడుస్తుందనుకున్నాడు.

కానీ ఊరు చిన్నది. జెనీన్ చర్చి భోజనాల దగ్గర ఒకరికి చెప్పింది, ఆవిడ ఇంకొకరికి చెప్పింది. తర్వాతి పోటీకి కర్ట్ ఇంట్లో చేసిన సాసేజీలు కాగితంలో చుట్టి తెచ్చి, డెల్మర్ పికప్ సీటు మీద పెట్టాడు. “నాకు తెలీదురా. ఆ బకెట్టు మాట తప్పయింది,” అన్నాడు. ఆ తర్వాత డెల్మర్‌ని ఎవరూ ఏమీ అనలేదు. మ్యాగజీన్ జారి పడితే చప్పున వంగి తీసిచ్చారు, దుమ్ము దులిపి మరీ ఇచ్చారు. డాక్టరు చెప్పిన రోజున కాదు, వాళ్ళు ఎగతాళి మానేసిన రోజున తనకి జబ్బు చేసిందని డెల్మర్‌కి తెలిసింది.

చలికాలం గడిచేసరికి మ్యాగజీన్ నింపడం కూడా కుదరకుండా పోయింది. అడుగున స్ప్రింగు ఉంటుంది. తూటా ఒక్కొక్కటి పెట్టేకొద్దీ అది ఎదురు తిరుగుతుంది. పన్నెండు దాటాక డెల్మర్ బొటనవేలు లొంగిపోయేది. నింపే ప్లాస్టిక్ పరికరం ఒకటి ఉంది గానీ, దాన్ని నొక్కడానికీ పట్టు కావాలి. ఒక శనివారం పొద్దున్న అతను గ్యారేజీలో మ్యాగజీన్‌ని బల్లకేసి నొక్కిపట్టి అరిచేత్తో తోస్తుంటే, జెనీన్ ఉతికిన బట్టల బుట్టతో అటు వచ్చింది. బుట్ట కింద పెట్టి, చేతిలోంచి మ్యాగజీన్ తీసుకుంది.

“ఎటువైపు తిప్పి పెట్టాలి?”

“నీకెందుకు, నేను చేస్తాలే.”

“ఎటువైపో చెప్పు డెల్.”

“గుండ్రంగా ఉన్న కొస ముందుకి. వెనక్కి జార్చు. ఆ, అలా.”

అప్పట్నించీ శనివారాలు ఆమె పని అదే. రేడియోలో ధాన్యం ధరలు వింటూ నింపేది. పదిహేనోది పెట్టేటప్పుడు తిట్టేది. “ఇంత మొండి స్ప్రింగుని మీ అమ్మ తర్వాత ఇప్పుడే చూస్తున్నా.” డెల్మర్ నవ్వేవాడు. ఆమె బొటనవేలి కొన మొదట కమిలి, తర్వాత కాయకాచింది. కాల్చడమంటే గిట్టని మనిషి చేతికి ఆ కాయ చూస్తే డెల్మర్‌కి వద్దనాలని ఉండేది. వద్దంటే ఆదివారం లేదు. అందుకని అనలేదు.

వేసవి మొదట్లోనే ఒక్క మార్పు కూడా కష్టమైంది. పిడి మీదున్న చిన్న మీటని బొటనవేలితో నొక్కితేనే పాత మ్యాగజీన్ ఊడుతుంది. ఆ మీట దాకా వేలు వెళ్ళేది గానీ, నొక్కేది కాదు. ఇక మిగిలింది నూట డెబ్బై. ఆ తరగతి పిస్తోలు మీద గురి చూపే చిన్న గాజు కన్ను ఉంటుంది, గొట్టం చివర వెనక్కి తన్నే దెబ్బను తగ్గించే రంధ్రాలుంటాయి, పై పలక వెనక్కి లాగడానికి పక్కన కొక్కెం ఉంటుంది, దాన్ని మణికట్టుతో లాగితే చాలు. ఎనిమిది తూటాలతో ముప్పై ఏళ్ళు తిరిగినవాడు పండగ బండిలాంటి ఆ పిస్తోలుని ఒరలో పెట్టుకుని వచ్చాడు. ఇరవై ఎనిమిదీ నిండా కూరితే గొళ్ళెం పడటం లేదు, అంత గట్టిగా కొట్టే శక్తి లేదు. అందుకని జెనీన్ ఇరవై ఏడుతో ఆపేది. కాల్చడం మొదలుపెట్టే ముందు మ్యాగజీన్ అడుగుని తొడకేసి కొట్టి బిగించుకునేవాడు.

అయితే చిత్రంగా ఆ వేసవంతా బాగానే నడిచింది. మార్చవలసిన అవసరమే రాలేదు. ఒక స్టేజీకి ఇరవై నాలుగు, ఇంకోదానికి ఇరవై రెండు, మరోదానికి పద్దెనిమిది. తన అదృష్టం అనుకున్నాడు డెల్మర్. ఆగస్టు పోటీ అయ్యాక, అందరూ పికప్పుల వెనక తలుపులు దించి కూర్చుని మాంసం కూరిన రన్జా రొట్టెలు తింటుంటే, అవతలి బండి దగ్గర కర్ట్ ఎవరితోనో అంటున్నది విన్నాడు.

“రోలీకి ఏమయిందో ఏంటో. ఎండాకాలం మొత్తం ఒక్క పొడుగు స్టేజీ పెట్టలేదు. హేస్టింగ్స్ ఊరివాళ్ళు రావడమే మానేశారు. ఇంత దూరం వచ్చి ఈ పిల్లాటలా ఆడేది అన్నాడు వాళ్ళవాడు.”

డెల్మర్ చేతిలో రన్జా అలాగే ఉండిపోయింది. ఒక్కొక్క నెలా గుర్తు చేసుకున్నాడు. ఇరవై ఆరు దాటిన స్టేజీ ఒక్కటి కూడా లేదు. తను నూట డెబ్బైకి మారింది జూన్‌లో. అంతకుముందు, తను నూట నలభైతో ఉన్నప్పుడు, స్టేజీలు ఎన్నేసి ఉండేవి? ముప్పై, ముప్పై రెండు. తను మారిన నెలలోనే తగ్గాయి. అప్పట్నించీ అంతే.

తినడం ఆపేసి, అట్టలు పెట్టే రేకుల షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. అప్పటికే మెట్టు ఎక్కాలంటే మోకాలి మీద చెయ్యి పెట్టి తోసుకోవలసి వస్తోంది. లోపల రోలీ చెక్క స్టాండ్లు సర్దుతున్నాడు.

“నా చేతులు చూసి స్టేజీలు గీస్తున్నావా?”

రోలీ తిరిగి చూడలేదు. “అట్టలు తక్కువున్నాయిరా.”

“రోలీ.”

“మేకులు కూడా అయిపోయాయి. అదీగాక ఎండకి జనం ఎక్కువసేపు నుంచోలేకపోతున్నారు...”

“నిన్ను నేను ఆరో క్లాసు నుంచీ చూస్తున్నా. అబద్ధం ఆడితే నీ చెవులు ఎర్రబడతాయి.”

రోలీ స్టాండు కింద పెట్టాడు.

“ఏం చెయ్యమంటావ్?” అన్నాడు రోలీ. “ముప్పై రెండు గీస్తాను, నువ్వు అక్కడ నుంచుని ఆ మీటతో కుస్తీ పడుతుంటావు, వెనక టైమరు పట్టుకుని నేను చూస్తూ ఉండాలి. చూడలేనురా. నా వల్ల కాదు.”

“ఇప్పుడు ఇరవై ఆరు పెడుతున్నావు. వచ్చే ఏడాదికి నేను ఎన్ని కాల్చగలనంటావు? పన్నెండు? అప్పుడు పన్నెండు పెడతావా? ఆ తర్వాత ఆరు?”

“పెడతా. ఎవడడ్డు?”

“హేస్టింగ్స్ వాళ్ళు మానేశారట.”

“మానితే మానారు.”

డెల్మర్ గోడకి ఆనుకున్నాడు. కోపంగా మాట్లాడాలని వచ్చాడు. కోపం ఎవరి మీదో తెలియలేదు. “అక్టోబరులో ముప్పై రెండు పెట్టు,” అన్నాడు చివరికి. “పెట్టకపోతే నేను రాను. నిజంగా రాను.”

అక్టోబరు పోటీ ఆ ఏడాదికి ఆఖరుది. తేనె రంగు ఎండ, చేలు కోసేసి ఉన్నాయి, గాలిలో పొట్టు ఎగురుతోంది. జెనీన్ మొదటిసారి తనూ వస్తానంది. చప్పుడు వినబడకుండా చెవులకి మూతలు తగిలించుకుని, మడతకుర్చీలో ఒడిలో మ్యాగజీన్లు పెట్టుకుని కూర్చుంది. నాలుగో స్టేజీ ముప్పై రెండుది. మొదట ఎడమవైపు కంతలోంచి పది, మధ్యలో పీపాల మధ్య పన్నెండు, కుడివైపు తలుపు తోసుకుని వెళ్ళి మిగతావి. హేస్టింగ్స్ వాళ్ళు కూడా వచ్చారు.

డెల్మర్ ఎప్పటిలాగే ముందు అంతా తిరిగి చూసుకున్నాడు. ఇరవై ఏడు అయ్యేది తలుపు దాటాక. అక్కడ నడిచే పనిలేదు, నుంచుంటే చాలు. పిస్తోలుని కడుపుకి దగ్గరగా తెచ్చుకుని, ఎడమ అరచేతి కండతో మీట నొక్కాలి. గ్యారేజీలో అలా పదిసార్లకి ఏడుసార్లు కుదిరింది. గొట్టం ఎప్పుడూ ముందుకే ఉండాలి, అది తప్పకూడదు. రోలీ చెవిదగ్గరికి వచ్చి, “ఇరవై ఏడుతో ఆపెయ్. ఐదు వదిలేస్తే కొంపేం మునగదు,” అన్నాడు.

“టైమరు నొక్కు.”

టైమరు కూసింది. ఎడమ కంత దగ్గర పదీ బాగా పడ్డాయి. పీపాల మధ్య పరుగులేదు, నడకే. అయినా అట్ట బొమ్మలు ఒక్కొక్కటీ రెండేసి దెబ్బలు తిన్నాయి. జెనీన్ తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నుంచుంది. భుజంతో తలుపు తోశాడు. ఇంకో ఐదు. పిస్తోలు ఖాళీ అయి నోరు తెరుచుకుంది. డెల్మర్ దాన్ని పొట్ట దగ్గరికి తెచ్చుకుని, ఎడమ అరచెయ్యి మీట మీద ఆనించి నొక్కాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. అలా నొక్కేటప్పుడు కుడిచేతి వేళ్ళు పిడిని పట్టుకుని ఉండాలి. అవి ఉన్నాయనే అనుకున్నాడు. చూస్తుండగానే విప్పుకున్నాయి. వాటిని విప్పమని అతను చెప్పలేదు. పిస్తోలు మోకాలికి తగిలి కంకరలో పడింది.

ఆ ఆటలో దీనికి క్షమాపణ లేదు. పిస్తోలు కిందపడితే ఆ రోజుకి పోటీలోంచి వెళ్ళిపోవలసిందే. ఖాళీదైనా, ఎవరిదైనా అంతే. అందరికీ తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళు నేలవైపు చూశారు. రోలీ టైమరు కిందికి దించాడు. డెల్మరే అతని వైపు చూసి మెల్లగా అన్నాడు.

“చెప్పు రోలీ. నువ్వే చెప్పాలి.”

“ఆపు,” అన్నాడు రోలీ.

పడినదాన్ని పడేసినవాడు ముట్టుకోకూడదు. డెల్మర్ చేతులు వేలాడేసి నుంచున్నాడు. రోలీ మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టం ఇసుక గట్టు వైపు ఉంచి, మ్యాగజీన్ ఊడదీశాడు. అతని వేలికి మీట ఇట్టే లొంగింది. అది చూడకుండా ఉండటానికి డెల్మర్ తలుపు కొక్కేన్ని చూస్తూ ఉండిపోయాడు. ఖాళీ పిస్తోలు సంచీలో పెట్టి జిప్పు వేసి ఇచ్చేటప్పుడు రోలీ చెవులు ఎర్రగా లేవు, మొహం పాలిపోయి ఉంది.

ఆ తర్వాత ఆట ఆగలేదు. ఇంకొకతను పేరు పిలిచారు. వెళ్ళిపోవడం బాగుండదని, డెల్మర్ అట్ట బొమ్మలకి పడ్డ చిల్లులు మూసే పనికి వెళ్ళాడు. మూసే అతుకులు చిన్న చుట్టలో వస్తాయి, గోటితో అంచు లేపి తియ్యాలి. అంచు లేవలేదు. జెనీన్ వచ్చి చుట్ట అందుకుంది. ఆమె తీసి ఇస్తుంటే, అతను అరచేత్తో అంటించాడు. అలా ఆఖరు మనిషి కాల్చేదాకా ఉన్నారు. ఇంటికి ఆమే నడిపింది.

జనవరిలో బస్సుల షెడ్డువాళ్ళు కేకు కోసి అతన్ని ఉద్యోగంలోంచి సాగనంపారు. పనిచేసిన చివరి నెలల్లో అతను చేసిందల్లా బల్ల దగ్గర కూర్చుని, కొత్త మనిషి అడిగితే చెప్పడమే. గ్యారేజీలో దుప్పటి పరవలేదు. పరిస్తే కాలు తగిలి పడతాడని జెనీన్ దాన్ని తీసేసింది. రోలీ వారానికోసారి వచ్చి కూర్చునేవాడు. హస్కర్స్ జట్టు ఫుట్‌బాల్ ఆట గురించీ, చలి గురించీ, ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందన్న దాని గురించీ మాట్లాడేవారు. క్లబ్బు ఊసు ఇద్దరూ ఎత్తేవారు కాదు.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున్న డెల్మర్ గ్యారేజీలో పడిపోయాడు. దెబ్బేమీ తగల్లేదు. తొడలు ఉన్నట్టుండి విడిచిపెట్టాయి, సిమెంటు మీద కూలబడ్డాడు, అంతే. కానీ లేవడం కాలేదు. జెనీన్ చంకల కింద చేతులు వేసి లేపబోయింది. కుర్చీ తెచ్చి దాన్ని పట్టుకోమంది. పట్టుకునే చేతులు లేవు. రెండోసారికి ఆమె నడుం పట్టేసింది. రోలీకి ఫోను చేసింది. రోలీ పరుగున వచ్చాడు. తన వెన్నులో రెండు ఎముకలు అతికించి ఉన్న సంగతి అతనికి అప్పుడు గుర్తులేదు. ఇద్దరూ కలిసి డెల్మర్‌ని జానెడు లేపారు, మళ్ళీ కూర్చోబెట్టారు.

“అగ్నిమాపకం వాళ్ళని పిలుస్తా,” అంది జెనీన్.

“వద్దు. కాసేపు ఆగు, నేనే లేస్తాను,” అన్నాడు డెల్మర్.

“ఎలా లేస్తావో చెప్పు.”

అతను ఆలోచించాడు. ఆమె లోపలికెళ్ళి ఫోను చేసి వచ్చింది. ఊళ్ళో ఆ పని చేసేది జీతగాళ్ళు కాదు. ఎవరి ఇళ్ళలోంచి వాళ్ళు బయల్దేరి, బండి తీసుకుని రావాలి. కొంచెం టైము పడుతుందన్నారు. నేల చల్లగా ఉంది. జెనీన్ ఒక దిండు తెచ్చి అతని వెనక పెట్టింది. ఇంక చేసేదేమీ లేక, తనూ పక్కన కూర్చుంది. రోలీ గోడ పట్టుకుని, మూలుగుతూ, అవతలి పక్కన చతికిలబడ్డాడు.

“ఇప్పుడు వాళ్ళు మనల్ని ముగ్గుర్నీ లేపాలి,” అన్నాడు డెల్మర్.

జెనీన్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే మొహం అతని భుజానికేసి దాచుకుంది. డెల్మర్ ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. వేళ్ళు ముడుచుకోకపోయినా చెయ్యి అక్కడ ఉంది.

రోలీ ఎదురుగా గోడనే చూస్తూ అన్నాడు. “నేను ఇరవై ఆరే పెట్టి ఉండాల్సింది.”

“లేదు.”

“ఇంకో వేసవి వచ్చేది నీకు.”

“వచ్చేది,” అన్నాడు డెల్మర్. “వచ్చి ఉంటే బాగుండేది కూడా. నువ్వు గీసింది తప్పని నేననలేదు. కానీ తెలిసిపోయాక ఇంక ఎలా కాల్చమంటావు?”

వీధి చివర బండి మలుపు తిరిగిన చప్పుడైంది. జెనీన్ ముక్కు తుడుచుకుని, మోకాళ్ళ మీద లేచి, గ్యారేజీ తలుపు మీట నొక్కడానికి వెళ్ళింది. తలుపు పైకి లేచేకొద్దీ ముందు బూట్లు కనబడ్డాయి, తర్వాత పసుపు కోట్లు, తర్వాత కర్ట్ జెలినెక్ మొహం. అతను ముగ్గురినీ చూసి, ఎవరి సంగతి ముందు చూడాలో తెలియనట్టు గుమ్మంలో ఆగిపోయాడు.

“ఆవిడ నడుం పట్టింది, ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టు,” అన్నాడు డెల్మర్. “నాకేం తొందర్లేదు.”

ఏప్రిల్‌లో చక్రాల కుర్చీ వచ్చింది. ఇసుక గుంత దగ్గర కంకరలో అది తిరగదు. ఎండ బాగున్న ఆదివారాల్లో జెనీన్ పికప్‌ని గట్టు పక్కన ఆపి, అద్దం దించేది. డెల్మర్ లోపలే కూర్చుని చూసేవాడు. రోలీ మళ్ళీ ముప్పై రెండులు పెడుతున్నాడు. హేస్టింగ్స్ నుంచి కొత్తగా ఒకమ్మాయి ఎనిమిది తూటాల పిస్తోలుతో వస్తోంది. ఆమె పీపాలు దాటాక మారుస్తుంది. తలుపు తోసేటప్పుడే మార్చెయ్యచ్చు, సమయం కలిసొస్తుంది. ఆ మాట చెప్పాలని డెల్మర్ రెండుసార్లు తల బయటికి పెట్టాడు. కాల్పుల చప్పుడులో ఎవరికీ వినబడలేదు.